మగవాళ్ల తర్వాత మొదటి మనిషి

మా తాండూరు క్రైస్తవ సంఘంలో, రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల దగ్గరికి ముందు మగవాళ్లు వెళ్లేవాళ్లు. వాళ్లందరూ అయ్యాక ఆడవాళ్లు. ఎవరు పెట్టిన పద్ధతో నాకు తెలియదు, అడిగితే చెప్పేవాళ్లూ లేరు. ఆడవాళ్లలో మళ్లీ వయసు వరుస. ఆ వరుసకు మొదట కూర్చునే ముసలామెను సంఘమంతా పెద్దమ్మ అని పిలిచేది. జన్మలో నేను అందరికంటే ఎక్కువ అనుమానించిన మనిషి ఆమే.

అనుమానం మా అమ్మ నుంచి నాకు వచ్చిన ఆస్తి. నా చిన్నతనం వికారాబాదులో గడిచింది. రజాకార్ల రోజుల్లో మా అమ్మ గొళ్లెం తీయకుండానే తలుపు వెనక నిలబడి వచ్చినవాళ్ల పేరు, ఊరు, పని అడిగేది. సొంత అన్న వచ్చి పిలిస్తే, గొంతు గుర్తుపట్టి కూడా, "నిజంగ నువ్వేనా?" అని అడిగిన మనిషి. పోలీసు చర్య అయి ఊరు సద్దుమణిగాక మా భయం పోయింది గాని ఆ అలవాటు పోలేదు. అప్పటి నుంచి పక్కింటి ముస్లిం కుటుంబం పగలు కూడా తలుపు వేసుకోవడం మొదలుపెట్టింది. గోడకు అటు వాళ్లు, ఇటు మేము, ఒకరి అలికిడి ఒకరం వింటూ బతికాం. అలాంటి ఇంట్లో పెరిగినదాన్ని కాబట్టి, ఎవరైనా నన్ను చూసి నవ్వితే ఎందుకు నవ్వుతున్నారా అని ముందు ఆలోచిస్తాను. ఈ వయసులోనూ అంతే.

పెళ్లయి తాండూరు వచ్చాను. మా ఆయన నాపరాళ్ల గనిలో గుమాస్తా. పేరుకే గుమాస్తాగాని రోజంతా బండలు కోసే చోటే ఉండేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి తల దులుపుకుంటే బూడిదరంగు దుమ్ము రాలేది. మనిషి సన్నగా ఉన్నా గొంతు మాత్రం గంట. మా ప్రార్థన మందిరం అంటే నాపరాళ్లు పరిచిన ఒక పొడుగాటి గది, అంతే. ఆ గదిలో ఆయన కీర్తన ఎత్తుకుంటే బయట మేకలు తోలుకుపోయేవాళ్లు కూడా ఒక్క క్షణం ఆగేవాళ్లు. నెలకొకసారి వికారాబాదు నుంచి రైల్లో పాస్టరు అయ్యగారు వచ్చి బల్ల పెట్టినప్పుడు మా ఆయన అందరికంటే ముందు వెళ్లి రొట్టె, రసం తీసుకుని వచ్చి, కళ్లు మూసుకుని పాట మొదలుపెట్టేవాడు. చివరి ఆడమనిషి వచ్చి కూర్చునేదాకా కళ్లు తెరిచేవాడు కాదు.

ఆ రసం చేసే పని నాది. తాండూరులో ద్రాక్షరసం ఎక్కడ దొరుకుతుంది? బజారులో కిస్మిస్ కొని, కడిగి, నానబెట్టి, చేత్తో పిసికి, తెల్లగుడ్డలో వడకట్టేదాన్ని. అందరూ ఒకే పాత్రలో నుంచి తాగేవాళ్లం. అయ్యగారు ఒక్కొక్కరి తర్వాత అంచు తుడిచి, పాత్రను కొంచెం తిప్పి పక్కవాళ్లకు అందించేవారు. ఒకే పాత్రలో తాగడం మాకు చిన్న సంగతి కాదు. బయట ఊళ్లో మావాళ్లకు దూరం నుంచి దోసిట్లో నీళ్లు పోసే ఇళ్లు అప్పటికీ ఉన్నాయి. అందుకే ఆ పాత్ర ఎవరి ముందు ఆగుతుంది, ఎవరి దగ్గర ఆగదు అన్నది మావాళ్లు చాలా గమనించేవాళ్లు.

పెళ్లైన మూడో ఏట మా ఆయనకు దగ్గు పట్టుకుంది. గని దుమ్ము అనుకున్నాం. ఒకరోజు రుమాలులో రక్తం కనిపించింది. వికారాబాదు తీసుకుపోతే క్షయ అన్నారు, అనంతగిరి గుట్ట మీది దవాఖానలో ఉంచేశారు. ఎన్నాళ్లని అడిగితే నర్సమ్మ పేరు రాసుకుని ఆయనను లోపలికి తీసుకుపోయింది. నేను తాండూరుకు ఒక్కదాన్నే తిరిగొచ్చి, కుట్టుమిషను ముందు కూర్చున్నాను.

మొదటి వారం సంఘంలోని ఆడవాళ్లంతా వచ్చారు, ఏడ్చారు, ప్రార్థన చేశారు. రెండో వారం కొందరే వచ్చారు. ఎవరు లోపలికి వచ్చి చాప మీద కూర్చుంటున్నారో, ఎవరు గడప దగ్గరే నిలబడి "ఇప్పుడే పోవాలె, పొయ్యి మీద పప్పు ఉన్నది" అంటున్నారో చూసుకున్నాను. అందరి పొయ్యి మీదా ఒకేసారి పప్పు ఎలా ఉంటుంది?

పెద్దమ్మ మాత్రం రోజూ అన్నమో రొట్టెలో పంపేది. ఆమె ఇల్లు మా పక్కనే. వయసులో ఉన్నప్పుడు పరిగి, దోమ, కుల్కచర్ల వైపు పల్లెలన్నీ నడిచి తిరిగి ఆడవాళ్లకు వాక్యం చెప్పిన మనిషి. మాట కటువు. ఎవరైనా ఆరాధనకు ఆలస్యంగా వస్తే, ప్రార్థన జరుగుతుండగానే ఒక కన్ను తెరిచి చూసేది. అంతకుముందు ఆమె కూర ఎప్పుడూ ఇత్తడి గిన్నెలో వచ్చేది. మా ఆయన గుట్ట ఎక్కిన తర్వాత మోదుగాకుల్లో చుట్టి పంపడం మొదలుపెట్టింది. ఆకైతే పారేస్తాం, గిన్నె అయితే మా ఇంట్లోంచి మళ్లీ వాళ్లింటికి పోవాలి. అదీ నాకు అర్థమైన సంగతి.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"పెద్దమ్మా, మీ గిన్నెలన్నీ పోయినయా ఏంది? ఆకులల్ల పంపుతున్నవు."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "గిన్నె పంపిస్తె నువ్వు ఉత్త గిన్నె వాపసు పంపుతవా? పంపవు. అండ్ల ఏమన్న పెట్టాలెనని పరేషాన్ అయితవు. నీ ఇంట్ల ఏమున్నదని పెడ్తవు?"

నిజమే, ఉత్త గిన్నె తిరిగి పంపడం మా దగ్గర మర్యాద కాదు. ఆ రోజుల్లో గిన్నెలో పెట్టడానికి నా దగ్గర ఏమీ లేని మాట కూడా నిజమే. కానీ జవాబు మరీ సాఫుగా ఉంది. ముందే అనుకుని పెట్టుకున్నదానిలా ఉంది. నేను నమ్మలేదు.

నమ్మకపోవడానికి కారణాలు ఇంకా దొరికాయి. ఆ నెల బల్ల పెట్టే వారం కిస్మిస్ కొనడానికి బయలుదేరుతుంటే ఆమె ఎదురొచ్చి, "ఈపాలి నేను చేస్త తీయ్, నీకెందుకు ఫికరు?" అంది. ఆ తర్వాతి నెలా అదే మాట. మూడో నెల నేనే బజారుకు బయలుదేరడం మానేశాను. నా చేయి తగిలిన రసం తాగడానికి భయపడుతున్నారని చెప్పకనే చెప్పినట్టు కాదా?

ఇంకొకటి జంపఖానా. ప్రతి బుధవారం ఒక్కొక్కరి ఇంట్లో ప్రార్థన కూటం జరిగేది. అందరూ కూర్చోవడానికి కింద పరిచే ఎర్ర చారల జంపఖానా సంఘానికి ఒకటి ఉండేది. ఎవరింట్లో కూటమో వాళ్లు ముందురోజు దాన్ని తెచ్చుకునేవాళ్లు. మా గల్లీలో అది పెద్దమ్మ ఇంటి నుంచి మా ఇంటికి, మా ఇంటి నుంచి సంఘ పెద్ద ఇంటికి పోవాలి. ఆయన రైల్వేలో పనిచేసి దిగిపోయిన మనిషి. మా వంతు వచ్చిన మంగళవారం నేను ఇల్లు అలికి, అలసందలు నానబోసి, కిటికీ దగ్గర కూర్చున్నాను. సంఘ పెద్ద కొడుకు జంపఖానాను భుజాన వేసుకుని మా ఇంటి ముందు నుంచి నేరుగా వాళ్లింటికి వెళ్లిపోయాడు. నా వైపు చూడలేదు. ఆ అలసందలు ఉడకబెట్టుకుని మూడు పూటలు నేనొక్కదాన్నే తిన్నాను. ఏడుస్తూనే తిన్నాను, దాచేదేముంది.

వీలైనప్పుడల్లా రైలెక్కి వికారాబాదు పోయి, గుట్ట ఎక్కి మా ఆయనను చూసి వచ్చేదాన్ని. ఆ చెట్ల గాలికి ఆయన కొంచెం కొంచెం తేరుకున్నాడు. వెళ్లిన ప్రతిసారీ అడిగేది ఒక్కటే: కూటం ఎవరింట్లో అయింది, ఎవరు పాడారు?

"మనింట్ల ఎప్పుడు?"

"అయింది" అని ఒకసారి అబద్ధం ఆడాను. ఆయన మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు చూశాక నిజం చెప్పడం నా వల్ల కాలేదు.

"నేనొచ్చినంక పాడనిస్తరో లేదో తెల్వది. డాక్టరు వద్దంటున్నడు. పాడకున్నా మంచిదే. అందరి నడుమ బల్ల కాడ మోకాళ్లూనాలె. గంతే నాకు" అన్నాడు.

అది ఆయన అడిగిన ఒకే ఒక్క కోరిక. నాకు మాత్రం ముందు తట్టింది వేరే. ఈయన మోకాళ్లూనితే పక్కన ఎవరు మోకాళ్లూనుతారు?

ఏడాది దాటాక ఇంటికి పంపారు. ఇక ఎవరికీ అంటదని డాక్టరు చెప్పాడు. చెప్పినా, మా ఆయన తన గ్లాసు, తన కంచం వేరే పెట్టుకున్నాడు. నన్ను కూడా తాకనిచ్చేవాడు కాదు, తనే కడుక్కునేవాడు.

వచ్చిన రెండో రోజు సంఘ పెద్ద చూడ్డానికొచ్చాడు. అరుగు మీదే కూర్చున్నాడు. లోపలికి రమ్మంటే గాలి బాగుందన్నాడు. ఆకు కదలని ఎండాకాలం అది.

"తమ్మీ, మంచిగైనవు, దేవునికి స్తోత్రం. జర ఆరాం చెయ్యి. గుడికి రాకుంటేంది, ఇంకో రెండు నెలలు ఇంట్లనే ప్రార్థన చేసుకోరాదు?"

మా ఆయన నవ్వి తలూపాడు. పెద్దాయన వెళ్లాక నేను లోపలున్నదంతా కక్కేశాను. మోదుగాకులు, కిస్మిస్, జంపఖానా, నేనాడిన అబద్ధం, అన్నీ చెప్పాను. "వాళ్లకు మనం వద్దు. ముఖ్యంగ ఆ పెద్దమ్మ. అంతా ఆమె నడిపిస్తున్నది" అన్నాను.

ఆయన తన గ్లాసు కడిగి బోర్లించాడు. తర్వాత అన్నాడు, "వాళ్లు భయపడ్తె తప్పేమున్నది? నాకు నేనంటేనే భయమైతున్నది. నేను ఆఖరుకు పోత. నా తర్వాత ఎవ్వరు తాగరు. ఎవ్వరికి ఫికరు ఉండదు."

ఉపాయం బాగానే ఉందనిపించింది. ఇద్దరిలో ఒక్కరికీ అందులోని లోపం కనబడలేదు.

ఆ ఆదివారం అయ్యగారు వచ్చారు. మా ఆయన మగవాళ్ల వైపు గోడవార కూర్చున్నాడు. ఆయన చుట్టూ మనుషులు లేక ఉత్త నాపరాళ్లు కనబడుతున్నాయి. నేను ఆడవాళ్లలో నా వరుసలో, నడుమ కూర్చుని, ఎవరు ఎవరి చెవిలో ఏం చెబుతున్నారో చూస్తున్నాను. ప్రసంగంలో ఒక్క ముక్క నా తలకెక్కలేదు.

మగవాళ్లు లేచారు. కొందరు కొందరుగా ముందుకెళ్లి మోకాళ్లూని తీసుకుని వచ్చారు. అందరూ అయ్యాక మా ఆయన ఒక్కడే లేచి వెళ్లాడు. అయ్యగారు మామూలుగానే రొట్టె ఇచ్చారు, పాత్ర ఇచ్చారు. ఆయన పెదవి తగిలీ తగలకుండా ఒక గుక్క తాగాడు. అయ్యగారు అంచు తుడిచి, పాత్రను కొంచెం తిప్పి, ఆడవాళ్ల వైపు చూశారు.

ఎవరూ లేవలేదు.

తిరిగొచ్చి కూర్చోబోతున్న మా ఆయన ఆగిపోయాడు. అప్పుడు అర్థమైంది ఆయనకు. తాను ఆఖరు కాదు, మగవాళ్లలో ఆఖరు. ఇన్నేళ్లు ఆడవాళ్లు బల్ల దగ్గరికి వెళ్లేటప్పుడు కళ్లు మూసుకుని పాడిన మనిషి. తన తర్వాత ఇంతమంది ఆడవాళ్లు ఉన్నారన్న సంగతే ఆయనకు తట్టలేదు. నాకు తట్టకపోవడం ఇంకా వింత, నేను ఆ వరుసలో కూర్చునేదాన్నే. ఆయన గోడ పట్టుకుని నిలబడ్డాడు. ఆ రోజు పాట కూడా లేదు. స్టేషనులో బండలు ఎక్కిస్తున్న చప్పుడు గదిలోకి వినబడుతోంది.

పెద్దమ్మ మొదట్లో కళ్లు మూసుకుని కూర్చుంది. కదల్లేదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరూ పోకపోతే నేనే పోతాను, నా మొగుడి తర్వాత నేను తాగుతాను, మీరంతా మీ ఇళ్లకు పోండి అనుకుని లేచాను. పెద్దమ్మను దాటి రెండడుగులు వేశానో లేదో, కొంగు వెనక నుంచి పట్టి లాగినట్టయింది.

"యాడికి?" పెద్దమ్మ గొంతు. గుసగుస కాదు, గదంతా వినబడింది. "కూసో. నేనుండంగ నువ్వెట్ల ముంగట పోతవు? వరుస లేదా?"

నా భుజం మీద బరువంతా వేసి లేచింది. మోకాళ్ల నొప్పులతో మెల్లగా నడిచి వెళ్లి, అయ్యగారి ముందు మోకాళ్లూనింది. పాత్రను రెండు చేతులతో పట్టుకుంది. తాగింది. గుక్క కాదు, బాగానే తాగింది. అయ్యగారు చేయి చాపి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. లేచి తిరిగొస్తూ మగవాళ్ల వైపు తిరిగి, "ఏం పిలగా, పాట ఏది? గిట్ల సప్పుడు లేకుంట ఎన్నడన్న బల్ల అయిందా?" అంది.

మా ఆయన పాడాడు. గంట లాంటి గొంతు కాదు, పగిలిన గొంతు. ఒక చరణం పాడి ఊపిరి అందక ఆగితే, మిగిలింది మగవాళ్లు అందుకున్నారు. ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచారు.

అందరి మనసూ మారిపోయిందని మాత్రం చెప్పను. నేను చూస్తూనే ఉన్నాను. ఒకామె పాత్రకు కొంగు అడ్డం పెట్టుకుంది, తాగిందో లేదో దేవునికే తెలియాలి. సంఘ పెద్ద భార్య తలనొప్పి అని నుదురు పట్టుకుని బయటికి వెళ్లిపోయింది. అయినా వరుస కదిలింది.

ఆరాధన అయ్యాక పెద్దమ్మ వెనకాలే నడిచి అడిగాను, "భయం కాలేదా పెద్దమ్మా?"

"మగోళ్ల తర్వాత మొదలు పోయేది నేను. నా వరుస నాది" అని విసుక్కుంది. "ఇగో, వచ్చే నెల నుంచి కిస్మిస్ నువ్వే పిసుకు. నా చేతులు గుంజుతున్నయి."

ఆ మంగళవారం జంపఖానా మా ఇంటికొచ్చింది. దాన్ని మోసుకొచ్చినవాడు సంఘ పెద్ద కొడుకే. మా ఆయన గడప దగ్గరే దాన్ని అందుకుని, తనే లోపల పరిచాడు.

నేను మాత్రం కుదుటపడలేదు. ఆ ముసలామె అంత కష్టపడి లేచింది మా మీద ప్రేమతోనా, తన మొదటి స్థానం నాకు పోతుందనా? ప్రేమే అయితే అంతసేపు కళ్లు మూసుకుని ఎందుకు కూర్చుంది? ఈ ప్రశ్న కొన్నేళ్లు నన్ను తొలిచింది. మా ఆయన ముందు అంటే, "తాగింది కద. ఇంకేం కావాల్నే నీకు?" అనేవాడు. నాకు ఇంకా కావాలి. నా తత్వం అది.

పంతొమ్మిది వందల అరవైల్లో ఒక వానాకాలం పెద్దమ్మ మంచాన పడింది. దగ్గు. ఆ దగ్గు గోడ అవతల నుంచి వినబడినప్పుడల్లా కుట్టుమిషను ఆపి వినేదాన్ని. మా ఇంట్లో విన్న దగ్గు లాంటిదే అనిపించేది. డాక్టరు వచ్చి చూసి, ముసలితనం, ఉబ్బసం, ఇంకేమీ కాదన్నాడు. నేను నమ్మలేదు. ఆ రోజు ఆమె అంత తాగింది కదా, అదే అయ్యుంటుందని, అది మా వల్లే అని లోలోపల కుమిలిపోయాను. మా ఆయనకు కూడా చెప్పలేదు.

రోజులు దగ్గరపడ్డాయనిపించి, అయ్యగారు ఆమె ఇంటికే రొట్టె, పాత్ర తెచ్చారు. మమ్మల్నిద్దరినీ కబురు పెట్టి పిలిపించింది. ఆ రోజు రసం పిసికింది నేనే. అయ్యగారు ప్రార్థన చేసి, రోగి కదా అని ముందు పాత్రను ఆమెకే అందించబోయారు. ఆమె మొహం పక్కకు తిప్పుకుంది.

"మగోళ్లు తాగకుంట నేనెట్ల తాగుత? ముందు ఆ పిలగానికియ్యి."

మా ఆయన మోకాళ్లూని తాగాడు. తర్వాత ఆమె తల కింద నేను చేయి పెట్టి లేపితే, తాగింది. తాగి దగ్గింది. అయ్యగారు అంచు తుడిచి, పాత్రను కొంచెం తిప్పి, నాకిచ్చారు.

పాత్ర నా చేతుల్లో ఉంది. ఆ దగ్గు నా చెవుల్లో ఉంది. ఇన్నేళ్లుగా ఎవరు తాగారు, ఎవరు తాగినట్టు నటించారు అని లెక్క చూసిన నాకు, చేతులు పైకి లేవలేదు. నిండా క్షణమైనా కాలేదేమో. ఆమె చూస్తూనే ఉంది, ఎప్పటిలా ఒక కన్ను తెరిచి.

"భయమైతున్నదా బిడ్డా?" అంది. ఆ గొంతులో విసుగు లేదు. "అయితది. గా దినం నాకు గూడ అయింది. కండ్లు మూసుకొని గుబగుబలాడుకుంట కూసున్న. నువ్వు లేస్తివి గని, లేకుంటె లేవకపోదునేమో."

మా ఆయన కళ్లు మూసుకుని మెల్లగా పాట అందుకున్నాడు. నేను పాత్ర ఎత్తి తాగాను.